చప్పుడు మానేసిన కొబ్బరిచెట్టు

నేను ఐదో తరగతిలో బడి మానేసిన రోజున మా నాన్న అరుగు మీద కూచుని, వీడు జన్మలో పైకి రాడని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకున్నాడు. మర్నాటి నుంచీ పైకి వెళ్లడమే నా ఉద్యోగమైంది. కొబ్బరి దింపు పని. ఆయన మాట పూర్తిగా తప్పిందని కూడా అనలేను. ఎక్కిన ప్రతిసారీ మళ్లీ కిందికే దిగాను కదా. చదువుకున్నవాళ్లు ఒకసారి పైకి వెళ్తే ఇంక దిగరు. మాకూ వాళ్లకీ తేడా అక్కడే.

ఇప్పుడు దింపు పనిలోకి వచ్చే కుర్రాళ్లకి చెట్టెక్కే మిషన్లున్నాయి. చెప్పులు విప్పకుండానే ఎక్కేస్తున్నారు. సంతోషం. చెట్టెక్కడం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. చెట్టు దిగాక జనం మధ్య తీర్పులు చెప్పబోయిన ఒక దింపువాడి సంగతి చెబుతాను. రెండేళ్లు కూడా కాలేదు. ఈపాటికి పాతబడిపోవాలి. పాతబడలేదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో తడి ఆరిపోతుంది. ఎప్పుడూ వాగుతూ ఉండే నోరు ఇది. దీన్ని ఆర్పడం మా ఆవిడ వల్లే కాలేదు.

మా పనిలో ఒక మర్యాద ఉంది. చెట్టు మొదట్లో నిలబడి, ఎక్కేముందు గట్టిగా కేకెయ్యాలి. పెరళ్లలో స్నానాల దడులకి పైకప్పు ఉండదు. చెట్ల కింద పిల్లలు ఆడుతుంటారు, ఆవులు కట్టేసి ఉంటాయి. "దింపండోయ్" అని కేక వినపడితే ఎవరి జాగ్రత్త వాళ్లు పడతారు. కేకెయ్యకుండా ఎక్కినవాణ్ణి దొంగకింద లెక్క కడతారు. ఆ కేకలో నాకు మంచి పేరుండేది. నేను ఒక వీధిలో కేకేస్తే పక్క వీధిలో ఆడవాళ్లు కూడా దండెం మీద బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయేవారు. ఈ కేక సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ముమ్మిడివరం దాటి సముద్రం వైపు వెళ్తే పాయ ఒడ్డున ఒక ఊరుంది. అక్కడ గోడకి అటూ ఇటూ రెండిళ్లు. తూర్పు ఇల్లు రిటైరైన టీచరుగారిది. ఒక్కరే ఉంటారు. ఊళ్లో సగంమందికి ఇంగ్లీషు చెప్పిన మనిషి. రిటైరయ్యాక కూడా చెప్పడం మానలేక, రోజూ టిఫిను చేశాక సెల్‌ఫోను ఒక కర్రకి కట్టి, దాని ముందు కూచుని పాఠం చెప్పేవారు. ఆ వీడియోలని తన పాత విద్యార్థుల పిల్లలకి పంపేవారు. పడమటి ఇల్లు బోటున్న ఆయనది. తాతల నాటి నుంచీ వేట. ఆయన బోటు ఇంజను ఉప్పునీళ్లకి మాటిమాటికీ మొరాయించేది. దాన్ని విప్పి ఆటోలో ఇంటికి తెచ్చి, పెరట్లో రెండు దుంగల మీద బిగించి బాగుచేసేవాడు. బాగైందో లేదో చూడాలంటే స్టార్టు చెయ్యాలి. చేస్తే ఊరంతటికీ తెలిసేది.

బోటాయన ఇంటి వెనక ఇనప రేకుల షెడ్డు ఉంది. దాని మీదికి టీచరుగారి కొబ్బరిచెట్టు వాలి ఉంటుంది. పుట్టింది ఆవిడ పెరట్లోనే కానీ, పరీక్షలో పక్కవాడి పేపరులోకి తొంగిచూసే పిల్లాడిలా మెడంతా గోడ అవతలికి పెట్టింది. అన్నాళ్లూ కాయ పడితే రేకు మోగేది, పడుకున్నవాళ్లు తిట్టుకునేవారు, అంతే. ఆ ఏడు బోటాయన కూతురు పురిటికి వచ్చింది. అమలాపురంలో కాన్పు, ఆడపిల్ల. పాయ మీంచి గాలి తగిలేది ఆ షెడ్డులో ఒక్కచోటే. అందుకని చీర ఉయ్యాల అక్కడే, వాసానికి కట్టారు.

అక్కణ్ణుంచీ వచ్చింది గొడవ. కాయ రేకు మీద పడినప్పుడల్లా ఆ పసిగుడ్డు గుప్పిళ్లు బిగించి, కాళ్లూ చేతులూ విదిలించి, ఊపిరి పట్టేసేది. ఏడుపు తర్వాత వచ్చేది. ఆ రెండింటి మధ్యా ఇంట్లో ఎవరికీ ఊపిరాడేది కాదు. సరిగా పాలు తాగదు, నిద్రపోదు. బరువు పెరగట్లేదు, పిల్లకి నిద్ర కావాలి అని డాక్టరమ్మ చెప్పి పంపించింది. పిల్ల అమ్మమ్మ, అంటే బోటాయన భార్య, నేను వదినగారూ అని పిలుస్తాను, ఆవిడ గోడ దగ్గరికి వచ్చి చెట్టు కొట్టించమని అడిగింది. టీచరుగారు ముందు ఇంజను ఆపించమన్నారు. ఇంక మొదలు. పడిన కాయ తనదని టీచరుగారు అడిగేవారు. వదినగారు ఇవ్వననేది కాదు, గోడ మీంచి విసిరేది. అది వెళ్లి టీచరుగారి బకెట్టుకో బిందెకో తగిలేది. అదొక చప్పుడు. దానికొక సమాధానం. రోజూ ఏ కాయ ఎప్పుడు పడింది, ఎంత గట్టిగా పడింది, ఎవరు తీశారు, అన్నీ గోడ మీద విచారణ జరిగేవి.

ఇద్దరూ సర్పంచిగారి దగ్గరికి వెళ్లారు. ఆయన లోకం తెలిసిన మనిషి. ఇద్దరి ఓట్లూ కావాలి. ఇది చెట్టు తగవు కాబట్టి చెట్టెక్కేవాడే తీర్చాలని నా మీదికి తోసేశాడు. నేనూ ఎగిరి గంతేశాను. ఎందుకంటే, ఊళ్లో చప్పుళ్ల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. చెట్టు చివర కూచుంటే ఎవరి మిక్సీ మూలుగుతోందో, ఎవరి టీవీలో అత్తాకోడళ్లు ఏడుస్తున్నారో, ఎవరింట్లో నిజం అత్తాకోడళ్లు ఏడుస్తున్నారో అన్నీ వినపడతాయి. ఈ మాత్రం తీర్పు చెప్పలేనా అనుకున్నాను.

నా జతగాణ్ణి తీసుకుని వెళ్లాను. నేను దింపితే అతను ఒలుస్తాడు. గునపం పాతి కాయ డొక్క తీసే పని. ముప్పై ఏళ్లు కలిసి పనిచేశాం. ఒక్క రోజు నా హాస్యానికి నవ్వలేదు. నవ్వితే ఒలుపు తప్పుతుందంటాడు.

ముందు టీచరుగారు తన ఫోను నా చేతిలో పెట్టారు. అందులో ఆవిడ ఎంతో శాంతంగా ఇంగ్లీషులో ఏదో చెబుతున్నారు. వెనకాల డుగుడుగుడుగు అని ఇంజను. ఇంకో వీడియో పెట్టారు, అందులోనూ అంతే. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఇంజను ఒక్కటే అర్థమైంది. ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వలేదు. జతగాడు ఎలాగూ నవ్వడు.

"కొబ్బరికాయకి ఎప్పుడు పడాలో నేను చెప్పగలనా అబ్బాయ్? ఆయన ఇంజను తాళం ఆయన చేతిలో ఉంది కదా," అన్నారు టీచరుగారు.

గోడ అవతలి నుంచి బోటాయన అందుకున్నాడు. "తమ్ముడూ, రేపు నడిసముద్రంలో ఇంజను ఆగిపోయిందనుకో. ఈవిడొచ్చి ఇంగ్లీషులో పిలిస్తే స్టార్టవుద్దేంటి?"

చెట్టు కొట్టించెయ్యమని నేను అడగనే అడిగాను. టీచరుగారు చెట్టు మొదలు మీద చెయ్యి వేశారు. ఇల్లు కట్టినప్పుడు చెట్లన్నీ కొట్టించేశానని, ఇదొక్కటే మిగిలిందని, దీన్నీ తీసేస్తే కోనసీమలో ఉంటూ పచ్చడికి కాయ బజార్లో కొనుక్కోవాల్సి వస్తుందని, ఆ అప్రతిష్ఠ తన వల్ల కాదని చెప్పారు. అది విని గోడ అవతల వదినగారు కూడా అవునన్నట్టు తలూపింది. ఎంత తగవున్నా కొన్ని మాటలు మా వైపు అందరికీ తగులుతాయి.

నేను గోడెక్కి కూచున్నాను. ఎటూ తేలట్లేదు. షెడ్డులోంచి పిల్ల ఏడుపు. బోటాయన కూతురు ఉయ్యాల ఊపుతూ, ఏ క్షణాన ఏం పడుతుందోనని రేకు వైపే చూస్తోంది. ఏదో ఒకటి అని నవ్విద్దామని, "అన్నగారూ, సముద్రం మీద అంత వల వేస్తారు కదా, ఇంటి మీద కాయలకి ఓ వల వెయ్యలేరా?" అన్నాను.

నవ్వులాటకన్న మాట. ఆయన నవ్వలేదు. లేచి లోపలికి వెళ్లి, చిరుగులు కుట్టిన నైలాను వల ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు.

జీవితంలో మొదటిసారి నా హాస్యం పనికొచ్చింది. అక్కడే అనుమానం రావాల్సింది.

వలని గెలల కింద జోలెలా కట్టాలని తేల్చాం. కాయ ఊడితే జోలెలో పడుతుంది, రేకు మీద పడదు. ముడులు ఎలా వెయ్యాలో బోటాయన కింద నిలబడి చెబుతుంటే నేను పైన కట్టాను. మంచి ముడులు. ఇప్పటికీ వాటిని తప్పుపట్టను. వల అంచుల్ని ఎక్కడ కట్టాలన్నది నా పని. గెలల కిందికి రావాలి కాబట్టి కింది వరస మట్టల మొదళ్లకి కట్టాను. కొబ్బరిమట్ట సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పైన కొత్త మట్ట వస్తుంటే కింది మట్ట ముదిరి, పండి, ఎండి, ఒకరోజు తనంతట తనే ఊడి పడిపోతుంది. ఆ రోజున ఆ మట్టలు పచ్చగా గట్టిగా ఉన్నాయి. ఒక దింపు దాకా, అంటే నెలన్నర, వాటికి ఢోకా లేదు. తర్వాత నేను వచ్చి కాయ దింపి, వల విప్పి, పై మట్టలకి మార్చి కడతానని గోడకి రెండు వైపులా చెప్పాను.

ఇంజనుకి కూడా తీర్పు చెప్పాను. టీచరుగారు పాఠం చెప్పేటప్పుడు గోడ మీద తెల్ల తువ్వాలు ఆరేస్తారు. తువ్వాలు ఉన్నంతసేపూ ఇంజను ముట్టుకోకూడదు. తీసేశాక ఆయనిష్టం. ఇంక ఒకరినొకరు పిలుచుకోవాల్సిన పని లేదు, ఒక్క మాట కూడా అక్కర్లేదు అన్నాను. అదే గొప్పగా చెప్పుకున్నాను.

నమ్మండి, మర్నాటి నుంచీ ఆ గోడ దగ్గర చీమ చిటుక్కుమనలేదు. పిల్ల నిద్రపోయింది. నిద్రపోయిన పిల్లని చూడ్డానికి నన్ను పిలిచి మరీ చూపించారు. తర్వాత నెల బరువు పెరిగిందని కబురు వచ్చింది. వదినగారు నాకూ టీచరుగారికీ ఎండుచేపలు పంపింది, టీచరుగారు తన పాఠం ఒకటి నా ఫోనుకి పంపారు. చేపలు తిన్నాం. సర్పంచిగారు పదిమందిలో నా భుజం తట్టాడు. అక్కణ్ణుంచీ ఊళ్లో నన్ను జడ్జిగారూ అని పిలవడం మొదలెట్టారు. ఒక ఇంట్లో కుక్క మొరుగుడు, ఇంకో ఇంట్లో తెల్లారకుండా తిరిగే గ్రైండరు, అన్నిటికీ నన్నే పిలిచేవారు. ఎక్కడికి వెళ్లినా ఒకటే మందు వేసేవాణ్ణి. మీరు మాట్లాడుకోవద్దు, ఏదైనా గుర్తు పెట్టుకోండి అనేవాణ్ణి.

నెలన్నర అయ్యేసరికి టీచరుగారికి ఫోను చేశాను. "వల ఉంది కదా అబ్బాయ్, కాయ ఎక్కడికీ పోదు. నిండాక పిలుస్తానులే," అన్నారు. సరేనన్నాను. ఆ వీధిలో నేను దింపే చెట్టు అదొక్కటే. ఒక్క చెట్టు కోసం అంత దూరం వెళ్లక్కర్లేదని లోపల సంతోషించాను కూడా. వల మార్చి కట్టాలన్న మాట నోటిదాకా వచ్చింది. వచ్చి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోయింది.

వల నిండిందో లేదో చూసేదెవరు? టీచరుగారి వైపు నుంచి చూస్తే మట్టల గుబురు అడ్డం. బోటాయన షెడ్డులోంచి చూస్తే రేకు అడ్డం. కాయ పడట్లేదు కాబట్టి చెట్టు కాపు తగ్గిందనుకుంది వదినగారు. కాయ తన వైపుకి రావట్లేదు కాబట్టి వాళ్లే కర్రతో తీసుకుని వాడుకుంటున్నారనుకున్నారు టీచరుగారు. ఎండుచేపలు పంపిన మనుషుల్ని కాయల గురించి ఏం అడుగుతామని ఊరుకున్నారు. పోట్లాడుకున్నన్నాళ్లూ ప్రతి కాయకీ విచారణ జరిగిన గోడ అది. సంధి కుదిరాక మర్యాద అడ్డొచ్చి ఒక్కరూ నోరెత్తలేదు. ఆ మర్యాదకి కారకుణ్ణి నేను.

మూడో నెల దాటింది. పిల్లకి ఐదో నెలలో కూతురిని అత్తారింటికి పంపించాలని వాళ్లు చీరలవీ చూసుకుంటున్నారు. అప్పుడు టీచరుగారు ఫోను చేసి, ఇంట్లో కాయ అయిపోయింది, వలలో ఏమైనా మిగిలితే దింపిపెట్టమన్నారు.

నేనూ జతగాడూ వెళ్లేసరికి టిఫిన్ల వేళ దాటింది. సందు మొదట్లోకే ఇంజను చప్పుడు వినపడింది. దగ్గరికి వెళ్తే గోడ మీద తెల్ల తువ్వాలు అలాగే ఉంది. మర్నాడు వేటకి వెళ్లాలన్న తొందరలో బోటాయన గోడ వైపు చూడనే లేదు. పాఠం మధ్యలోంచి లేచి వచ్చినట్టున్నారు టీచరుగారు, గోడ దగ్గర నిలబడి ఆయన్ని పిలుస్తున్నారు. ఇంజను హోరులో ఆయనకి వినపడట్లేదు. వంటింట్లోంచి వదినగారు వచ్చింది. మూడు నెలలుగా ఇద్దరూ దాచుకున్నవి ఒక్కసారి బయటికొచ్చాయి. తువ్వాలుతో మొదలై కాయల దాకా వెళ్లింది. మా కాయలు మీరు తీస్తున్నారని ఈవిడ, మీ కాయలు ఎవరికి కావాలని ఆవిడ. ఇంజను మీంచి వినపడాలి కాబట్టి ఇద్దరూ గొంతు పెంచారు.

ఆ గోలకి పిల్ల లేచింది. అమ్మాయి పిల్లని ఉయ్యాలలోంచి తీసి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఆ అమ్మాయి టీచరుగారి దగ్గర చదువుకున్నదే. లోపల కూచోలేకపోయింది. గోడ దాకా నడిచి వచ్చి, "టీచరుగారూ, మమ్మల్ని దొంగలంటే నేను ఊరుకోనండి. నాకు పాఠం చెప్పిన మీరే ఇలా అంటారేంటండి?" అంది.

బోటాయన కూడా ఇంజను అలాగే వదిలేసి గోడ దగ్గరికి వచ్చాడు. ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారు.

నాకు హుషారొచ్చింది. జడ్జిగారు వచ్చేశారు, అందరూ లేచి నిలబడండి అని ఏదో అంటూ కాళ్లకి తగిలించే బందం భుజం మీంచి తీశాను. ఎక్కేముందు ఎవరైనా చేసే పనే చేశాను. తలెత్తి చెట్టు తల వైపు చూశాను.

నేను కట్టిన మట్టలు ఎండిపోయి గోధుమరంగుకి తిరిగాయి. వల కనపడట్లేదు. వల ఉండాల్సిన చోట ఒక బస్తా వేలాడుతోంది. మూడు నెలల కాయ, రాలిన పూతగొట్టాలు, విరిగిన ఈనెలు, అన్నీ కలిసి నల్లగా ఉబ్బిపోయి, సరిగ్గా షెడ్డు మీద. నేను చూస్తుండగానే అందులో ఒక మట్ట మొదలు చెట్టునుంచి మెల్లగా విడిపోవడం మొదలెట్టింది.

కేకెయ్యాలి. నాకు లోకంలో చేతనైన పని అదొక్కటే. నోరు తెరిచాను. కేక రాలేదు. పక్క వీధి దాకా వెళ్లే కేక, నా పళ్ల దాకా కూడా రాలేదు.

మట్ట ఊడింది. దాని బరువుకి రెండోది. వల, కాయలు, మట్టలు కలిసి ఒకే మూటగా దిగి, ఉప్పుగాలికి తుప్పుపట్టిన రేకుని కాగితంలా చింపుకుని లోపలికి వెళ్లిపోయాయి.

ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కానిది ఇది. ఆ చప్పుడు ఎవరికీ సరిగా వినపడలేదు. చిన్న కాయ పడితే ఊరంతా విని తగువులాడుకున్న చోట, అంత మూట పడితే ఇంజను హోరులో కలిసిపోయింది. టీచరుగారు ఇంకా మాట్లాడుతున్నారు. వదినగారు చెయ్యి ఊపుతోంది. ఆ అమ్మాయి మాత్రం నా మొహం చూసింది. తెరిచిన నోరు చూసింది. చూసి, నేను చూస్తున్న వైపు తిరిగింది.

జతగాడు నడుచుకుంటూ వెళ్లి ఇంజను ఆపేశాడు. అప్పుడు పడింది నిశ్శబ్దం. షెడ్డులోంచి ఒక కాయ మెల్లగా దొర్లుకుంటూ బయటికి వచ్చి, మెట్టు దిగి, పెరట్లో ఆగింది.

ఉయ్యాల తాడు తెగి, చీర నేల మీద ఉంది. చీర కనపడట్లేదసలు. దాని నిండా కాయలే.

వదినగారు పరుగెత్తింది. "పిల్ల, పిల్ల" అంటూ ఆ కుప్ప మీద పడి రెండు చేతులతో కాయలు లాగి పారేస్తోంది. రేకు ముక్కలు గీసుకుని చేతులు నెత్తురౌతున్నాయి. పిల్ల ఆవిడ వెనకాలే, పది అడుగుల దూరంలో, తల్లి భుజం మీద ఉంది. ఆవిడ ఎదురుగానే కదా ఇంతసేపూ ఉంది, చూస్తూ మాట్లాడింది కదా. మర్చిపోయింది. ఉయ్యాల కనపడగానే పిల్ల ఉయ్యాలలోనే ఉందనుకుంది. అమ్మా, ఇదిగో, నా దగ్గరే ఉంది అని ఆ అమ్మాయి చెప్పాలి. చెప్పలేకపోయింది. బోటాయన నిలబడ్డచోట నిలబడిపోయాడు. తుపాను గాలుల్లో బోటు నడిపిన మనిషి. ఆయన చెయ్యి గోడ పట్టుకుని ఉంది, గోడ వదిలితే పడిపోయేలా ఉన్నాడు. నేను నోరు మూసుకోవడం కూడా మర్చిపోయాను.

గోడ ఎలా దాటారో టీచరుగారికి ఇప్పటికీ తెలియదు. నాకూ తెలియదు, నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ వెళ్లి వదినగారి మొహం రెండు చేతుల్తో పట్టుకుని బలవంతంగా వెనక్కి తిప్పారు. "చూడమ్మా. అదిగో పిల్ల. మనతో దెబ్బలాడ్డానికి వచ్చింది," అన్నారు.

ఆ పిల్ల ఉలిక్కిపడలేదు. ఏడవలేదు. అందరూ ఒక్కసారి ఎందుకు ఊరుకున్నారా అన్నట్టు ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది.

తర్వాత ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. తప్పు పంచుకుంటే తలా కొంచెం వస్తుంది. ఊడిపోయే కింది మట్టకి కట్టింది నేను. దింపు వాయిదా వేసింది టీచరుగారు. మూడు నెలలు తల ఎత్తి చూడనిది అందరూ. ఆ రోజు అవన్నీ ఎవరికీ తోచలేదు. వదినగారు పిల్లని ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ విప్పి చూసుకుంటోంది. జతగాడు మాత్రం షెడ్డులోకి వెళ్లి కాయలు ఒక్కొక్కటీ తెచ్చి గోడవార పేర్చడం మొదలెట్టాడు. ఎవరూ చెప్పలేదు. చేతులకి అలవాటైన పని అవి చేసుకుపోతున్నాయి. సగం పేర్చాక కూలబడ్డాడు. ముప్పై ఏళ్లలో అతని కళ్లల్లో నీళ్లు చూడటం అదే మొదలు. నేను అప్పుడు కూడా ఏదో ఒక హాస్యం వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆ కాయలు ఎవరూ ముట్టుకోలేదు. టీచరుగారు తనవనలేదు, వదినగారు తమ వైపు పడ్డాయనలేదు. వానలు పడ్డాక గోడవార వాటికి మొలకలు వచ్చాయి. అప్పటికీ ఎవరూ తీయలేదు. చివరికి సర్పంచిగారి మనుషులు వచ్చి పట్టుకెళ్లారు.

అత్తారింటికి వెళ్లేదాకా పిల్ల ఉయ్యాల టీచరుగారి హాల్లో కట్టారు. ఆ రోజుల పాఠాలు నా ఫోనులో ఉన్నాయి, ఆవిడే పంపారు. ఇంగ్లీషు మధ్యలో పిల్ల ఏడుపు, ఊరుకో తల్లీ అని టీచరుగారి తెలుగు, దూరంగా ఇంజను. ఆ పాఠాలైతే నాకూ బాగానే అర్థమవుతాయి. చెట్టు కొట్టెయ్యమని టీచరుగారే అన్నారు. బోటాయన వద్దన్నాడు. నెలనెలా దింపిద్దాం, ఆ నెల దింపామో లేదో నేనే వచ్చి అడుగుతానన్నాడు. తెగిపోగా మిగిలిన వల ముక్కలు విప్పడానికి నేను ఒకసారి ఎక్కాను. కింద ఎవరూ లేరని ఎన్నిసార్లు చూసుకున్నానో. కేక వేశాను, వచ్చింది. కానీ పైకెళ్లాక పట్టుకున్న మట్ట వదల్లేకపోయాను. అదే నా ఆఖరి చెట్టు. వయసైపోయిందని అందరికీ చెప్పాను. మీకు మాత్రం నిజం చెబుతున్నాను.

కుర్రాళ్లకి ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. ఇరుగుపొరుగు తగవు తీర్చమని ఎవరైనా పిలిస్తే వెళ్లండి. చప్పుడు తగ్గించండి, ఫరవాలేదు. వాళ్లు మాట్లాడుకునే అవసరం లేకుండా మాత్రం చెయ్యకండి. నోళ్లు మూయించడమే తీర్పనుకుని నేను మూడు నెలలు జడ్జిగారినని తిరిగాను. ఆ తర్వాత ఆ పిలుపుకి పలకడం మానేశాను.

మొన్నీమధ్య ఆ సందులోంచి వెళ్తుంటే మళ్లీ ఇంజను హోరు. గోడకి అటు టీచరుగారు, ఇటు వదినగారు, ఇద్దరూ గొంతెత్తి తగువులాడుకుంటున్నారు. కూతురు పుట్టింటివాళ్లని చూసిపోదామని వచ్చినట్టుంది. ఆ పిల్ల, ఇప్పుడు నడుస్తోంది, గోడ కింద మట్టిలో ఆడుకుంటోంది. చాలా రోజుల తర్వాత నాకు మళ్లీ నోరు దురద పెట్టింది. ఆగి, "ఏమండోయ్ వదినగారూ, నేనొచ్చి సర్దిపెట్టమంటారా?" అన్నాను.

ఇద్దరూ ఒక్కసారి ఆగి నా వైపు తిరిగారు. వదినగారు చేతులు జోడించింది.

"ఒద్దు బాబూ, నీకు పుణ్యముంటది, నీ దారిన నువ్వెళ్లు. ఇంట్లో చంటిపిల్లుంది. మమ్మల్ని దెబ్బలాడుకోనీ."